పాత బ్రిటిష్ సార్వత్రిక ఎన్నికల ఫలితాలను తప్పుల్లేకుండా నమోదు చేయడం ఎలా? 1974 ఫిబ్రవరి ఎన్నిక ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

1974 ఫిబ్రవరి 28, గురువారం నాడు బ్రిటన్‌లో సార్వత్రిక ఎన్నికల పోలింగ్ జరిగింది. ఒకవైపు బొగ్గు గని కార్మికుల సమ్మె, మరోవైపు పరిశ్రమలకు వారానికి మూడు రోజులే కరెంటు ఇచ్చే ఆంక్షలు ఉండగా, ప్రధాని ఎడ్వర్డ్ హీత్ గడువుకు ముందే ప్రజల తీర్పు కోరారు. ఓట్లలో ఆయన కన్జర్వేటివ్ పార్టీ ముందు నిలిచింది. సీట్లలో హెరాల్డ్ విల్సన్ నాయకత్వంలోని లేబర్ పార్టీ ముందు నిలిచింది. మెజారిటీ మాత్రం ఎవరికీ రాలేదు. లిబరల్ నాయకుడు జెరెమీ థోర్ప్‌తో హీత్ జరిపిన పొత్తు చర్చలు ఫలించకపోవడంతో మార్చి 4న ఆయన రాజీనామా చేయగా, విల్సన్ మళ్లీ ప్రధాని అయ్యారు.

ఫలితాల పట్టిక తయారు చేయడం నేర్చుకోదలచినవారికి ఇంతకంటే మంచి పాఠం మరొకటి లేదని నా అభిప్రాయం. పట్టికలో దొర్లగల పొరపాట్లలో చాలావరకు ఈ ఒక్క ఎన్నికలోనే ఎదురవుతాయి. అంకెలను చూసి రాసుకోవడం ఎవరికైనా సాధ్యమే. ఆ అంకె దేన్ని లెక్కిస్తున్నదో తెలుసుకొని, అది పాఠకుడికి కూడా తెలిసేలా రాయడమే అసలు పని. కింది మెట్లన్నీ ఆ పని కోసమే.

మొదటి మెట్టు: ఆధారాన్ని ఎంచుకోవడం

మన దేశంలో ఎన్నికల సంఘం ఫలితాలను కేంద్రీకృతంగా ప్రచురిస్తుంది. ఫారం 20లో ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో కూడా దొరుకుతుంది. బ్రిటన్‌కు వచ్చేసరికి ఈ అలవాటును పక్కన పెట్టాలి. అక్కడ నియోజకవర్గంలోని బ్యాలెట్ పెట్టెలన్నిటినీ ఒకచోటికి చేర్చి, పత్రాలను కలిపి లెక్కిస్తారు కాబట్టి పోలింగ్ కేంద్రాల వారీ ఫలితం అంటూ ఉండదు. 1974 నాటికి జాతీయ స్థాయిలో ఎన్నికల సంఘం కూడా లేదు. అది 2000 నాటి చట్టంతో ఏర్పడింది. ప్రతి నియోజకవర్గంలోనూ రిటర్నింగ్ అధికారి ప్రకటించినదే అసలు ఫలితం. దేశం మొత్తం మీద ఫలానా పార్టీకి ఇన్ని ఓట్లు అనే అంకె, ఆ 635 ప్రకటనలను ఎవరో ఒక సంకలనకర్త కూడి తయారు చేసినది మాత్రమే.

ఇది చిన్న విషయంలా కనిపించినా, దీని ఫలితం పెద్దది. ఒక సంకలనంలో కన్జర్వేటివ్ పార్టీకి 1,18,72,180 ఓట్లు, లేబర్‌కు 1,16,45,616 ఓట్లు కనిపిస్తాయి. మరో సంకలనంలో అవే పార్టీలకు 1,18,68,906 ఓట్లు, 1,16,39,243 ఓట్లు కనిపిస్తాయి. అందుకే లేబర్ ఓట్ల శాతం ఒకచోట 37.2 అనీ, మరోచోట 37.1 అనీ ఉంటుంది. ఎవరో ఒకరు కావాలని తప్పు రాశారని దీనికి అర్థం కాదు. ఏ అభ్యర్థిని పార్టీ అధికారిక అభ్యర్థిగా లెక్కించాలి, తరువాత వచ్చిన సవరణలను చేర్చాలా వద్దా అనే నిర్ణయాలు సంకలనకర్తను బట్టి మారుతాయి.

కాబట్టి మొత్తం అంకెలకు ఒకే ఆధారాన్ని ఎంచుకొని, దాని పేరు, ముద్రణ సంవత్సరం పట్టిక కిందే రాయాలి. ఎఫ్.డబ్ల్యు.ఎస్. క్రెయిగ్ నియోజకవర్గాల వారీగా కూర్చిన సంకలనాలు, హౌస్ ఆఫ్ కామన్స్ గ్రంథాలయం వెలువరించే పత్రాలు ఈ పనికి ఎక్కువగా ఉపయోగపడతాయి. ఒకదాని నుంచి కన్జర్వేటివ్ అంకె, మరోదాని నుంచి లేబర్ అంకె తీసుకొని పక్కపక్కన పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. పై ఉదాహరణలో మొదటి సంకలనం ప్రకారం రెండు పార్టీల మధ్య తేడా 2,26,564 ఓట్లు, రెండో దాని ప్రకారం 2,29,663 ఓట్లు. రెండింటినీ కలిపితే వచ్చే తేడా ఏ సంకలనంలోనూ లేనిది, అంటే మనం సొంతంగా సృష్టించినది అవుతుంది.

ఇక్కడే తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. ఇంగ్లిష్ ఆధారాల్లో కామాలు మూడేసి అంకెలకు పడతాయి, మనకు లక్షల దగ్గర, కోట్ల దగ్గర పడతాయి. కామాలను జరిపేటప్పుడు ఒక అంకె జారిపోవడం ఎంతో తేలిక. ముందు కామాలన్నీ తీసేసి ఉత్త అంకెలుగా నమోదు చేసుకొని, ప్రచురించేటప్పుడే మన పద్ధతిలో కామాలు పెట్టుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

రెండో మెట్టు: ఒక్కో నియోజకవర్గానికి ఒక్కో పూర్తి వరుస

జాతీయ మొత్తంతో మొదలుపెట్టి కిందికి రావడం కంటే, నియోజకవర్గాలతో మొదలుపెట్టి పైకి వెళ్లడం మంచిది. ఒక్కో వరుసలో నియోజకవర్గం పేరు, అది ఇంగ్లాండ్, వేల్స్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్‌లలో దేనికి చెందినది, నమోదైన ఓటర్ల సంఖ్య, ప్రతి అభ్యర్థి పేరు, పార్టీ, ఓట్లు, మెజారిటీ ఉండాలి. 1974లో ఇంగ్లాండ్‌కు 516, స్కాట్లాండ్‌కు 71, వేల్స్‌కు 36, ఉత్తర ఐర్లాండ్‌కు 12 స్థానాలు ఉండేవి. వరుసలు పూర్తయ్యాక ఈ నాలుగు లెక్కలూ సరిపోయాయో లేదో మొదట చూసుకోవాలి.

వేల్స్‌లోని కార్మార్దెన్ నియోజకవర్గాన్ని దగ్గరగా చూద్దాం. అక్కడ లేబర్ అభ్యర్థి గ్వినోరో జోన్స్‌కు 17,165 ఓట్లు, వేల్స్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రి నాయకుడు గ్విన్‌వోర్ ఎవాన్స్‌కు 17,162 ఓట్లు వచ్చాయి. లిబరల్ అభ్యర్థికి 9,698, కన్జర్వేటివ్ అభ్యర్థికి 6,037 పడ్డాయి. చెల్లిన ఓట్లు మొత్తం 50,062. మెజారిటీ అక్షరాలా మూడు ఓట్లు.

ఈ నాలుగు అంకెలను ఒక దశాంశ స్థానానికి సవరించి శాతాలుగా రాస్తే 34.3, 34.3, 19.4, 12.1 వస్తాయి. గెలిచిన అభ్యర్థికీ ఓడిన అభ్యర్థికీ ఒకే శాతం కనిపిస్తుంది. పైగా నాలుగూ కూడితే 100.1 అవుతుంది. ఈ స్థితిలో చాలామంది చేసే పని, ఏదో ఒక అంకెను 0.1 తగ్గించి మొత్తాన్ని వందకు సరిపెట్టడం. అది నమోదు కాదు, దిద్దుబాటు. రెండు దశాంశ స్థానాలు తీసుకుంటే 34.29, 34.28, 19.37, 12.06 వస్తాయి, విజేత ఎవరో కనిపిస్తుంది, మొత్తం సరిగ్గా వంద అవుతుంది. ప్రతిచోటా ఇంత చక్కగా కుదరదు కాబట్టి, శాతాలను సవరించి రాసినందున మొత్తం వందకు కొద్దిగా అటూ ఇటూ కావచ్చునని పట్టిక కింద ఒక వాక్యం రాసి వదిలేయడమే నిజాయితీ. అసలు ఓట్లు పక్కనే ఉంటే పాఠకుడు తానే సరిచూసుకోగలడు. శాతాన్ని ఎప్పుడూ అసలు ఓట్ల నుంచే లెక్కగట్టాలి తప్ప, ఇదివరకే సవరించిన శాతాన్ని తీసుకొని మళ్లీ సవరించకూడదు.

ఇదే వరుస డిపాజిట్ గురించి కూడా చెబుతుంది. మన దగ్గర చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతవుతుంది. బ్రిటన్‌లో ఆ రోజుల్లో డిపాజిట్ 150 పౌండ్లు, నిలుపుకోవడానికి దాటవలసింది ఎనిమిదో వంతు. కార్మార్దెన్‌లో ఎనిమిదో వంతు అంటే సుమారు 6,258 ఓట్లు. అంటే దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న కన్జర్వేటివ్ పార్టీకి ఈ నియోజకవర్గంలో డిపాజిట్ దక్కలేదు. 1985 తరువాత డిపాజిట్ 500 పౌండ్లకు పెరిగి, హద్దు ఐదు శాతానికి తగ్గింది. ఇప్పటి హద్దును పాత ఎన్నికకు వర్తింపజేస్తే ఆ అభ్యర్థి డిపాజిట్ దక్కించుకున్నట్లు తప్పుగా నమోదవుతుంది. ఏ ఎన్నికకు ఆ నాటి చట్టాన్నే కొలతగా పెట్టుకోవాలి.

పేర్ల విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. వెల్ష్ భాషలో ఒంటి ఎఫ్ అక్షరాన్ని ‘వ’గా పలుకుతారు కాబట్టి గ్విన్‌వోర్ అని రాశాను. మీరు మరో విధంగా రాయదలచుకుంటే అభ్యంతరం లేదు గాని, మొదటి పట్టికలో ఒక రూపం, చివరి పట్టికలో మరో రూపం ఉంటే పాఠకుడు ఇద్దరు వేర్వేరు మనుషులనుకుంటాడు. పేర్ల జాబితా ఒకటి ముందే సిద్ధం చేసుకొని, అన్నిచోట్లా దాన్నే అనుసరించాలి.

మూడో మెట్టు: పార్టీల గుర్తింపు

మొత్తం పనిలో అన్నిటికంటే కష్టమైనదీ, నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించమని చెప్పేదీ ఈ మెట్టే. బ్యాలెట్ పత్రం మీద అభ్యర్థి పేరు పక్కన పార్టీ వివరం ముద్రించడం 1969 నాటి చట్టం వల్లే సాధ్యమైంది. సార్వత్రిక ఎన్నికల్లో అది మొదటిసారి అమలైంది 1970లో. పార్టీల అధికారిక నమోదు 1998 చట్టంతో గాని రాలేదు. అంతకుముందు ఎన్నికల్లో ఎవరు ఏ పార్టీ అన్నది సంకలనకర్త పత్రికలు, పార్టీ ప్రకటనలు చూసి నిర్ణయించినదే.

1974 ఫిబ్రవరి సీట్లను ఇలా నమోదు చేయవచ్చు: లేబర్ 301, కన్జర్వేటివ్ 297, లిబరల్ 14, స్కాటిష్ నేషనల్ పార్టీ 7, ప్లైడ్ కమ్రి 2, అల్‌స్టర్ యూనియనిస్టులు (ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌తోనే ఉండాలనేవారు) 7, వాన్‌గార్డ్ (మరో యూనియనిస్ట్ పక్షం) 3, డెమొక్రాటిక్ యూనియనిస్ట్ 1, ఎస్.డి.ఎల్.పి. (సోషల్ డెమొక్రాటిక్ అండ్ లేబర్ పార్టీ) 1, డెమొక్రాటిక్ లేబర్ 1, ఇండిపెండెంట్ లేబర్ 1. కూడితే 635. లెక్క సరిపోయింది గదా అని ఇక్కడ ఆగిపోకూడదు. ఈ వరుసలో స్పీకర్ ఎక్కడ ఉన్నారు? అప్పటి స్పీకర్ సెల్విన్ లాయిడ్ విరాల్ నియోజకవర్గం నుంచి గెలిచారు. పదవిలో ఉన్న స్పీకర్ పార్టీ అభ్యర్థిగా కాక స్పీకర్‌గానే పోటీ చేయడం అక్కడి సంప్రదాయం. పై లెక్కలో ఆయన కన్జర్వేటివ్‌ల 297లో కలిసి ఉన్నారు. ఆయనను విడిగా చూపితే కన్జర్వేటివ్‌లు 296, స్పీకర్ 1 అవుతుంది. రెండూ సరైనవే. అయితే 297 రాసి, పక్కన స్పీకర్ 1 అని మరో వరుస చేర్చితే మొత్తం 636 అవుతుంది. 296 రాసి స్పీకర్‌ను మరచిపోతే 634 వస్తుంది. మొత్తం ఒకటి తేడా వచ్చినప్పుడల్లా మొదట వెతకవలసింది స్పీకర్ కోసమే.

ఉత్తర ఐర్లాండ్ సంగతి ఇంకా లోతైనది. 1970 వరకు అల్‌స్టర్ యూనియనిస్ట్ సభ్యులు పార్లమెంటులో కన్జర్వేటివ్‌ల వెంటే ఉండేవారు. 1970లో హీత్ గెలిచిన 330 సీట్లలో వారివి 8 కలిసి ఉన్నాయి. ఉత్తర ఐర్లాండ్‌లో రెండు వర్గాలూ అధికారం పంచుకోవాలన్న సన్నింగ్‌డేల్ ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ 1974 ఫిబ్రవరిలో మూడు యూనియనిస్ట్ పక్షాలు ఒక కూటమిగా పోటీ చేసి, 12 స్థానాల్లో 11 గెలిచాయి. వారు కన్జర్వేటివ్‌లతో కలవలేదు. అందుకని 330 నుంచి 297కు పడిపోయారని రాస్తే, యూనియనిస్టులు ఉన్న అంకెను వారు లేని అంకెతో పోల్చినట్లు అవుతుంది. కూటమిని ఒకే వరుసగా 11 అని చూపవచ్చు, లేదా 7, 3, 1గా విడదీయవచ్చు. ఏది చేసినా కింద వివరణ ఉండాలి.

డెమొక్రాటిక్ లేబర్ సభ్యుడు డిక్ టావర్న్, ఇండిపెండెంట్ లేబర్ సభ్యుడు ఎడ్డీ మిల్న్ ఇద్దరూ లేబర్ పార్టీ అధికారిక అభ్యర్థులను ఓడించి గెలిచినవారు. పేరులో లేబర్ ఉంది కదా అని వారిని 301లో కలిపితే పార్టీతో తెగదెంపులు చేసుకున్న ఆ ఇద్దరి చరిత్రే చెరిగిపోతుంది. లేబర్, కోఆపరేటివ్ పార్టీల ఉమ్మడి అభ్యర్థులను మాత్రం లేబర్‌లోనే లెక్కించాలి.

ఎన్నికల తరువాత జరిగిన ఫిరాయింపులు పట్టికలోకి రాకూడదు. లేబర్ సభ్యుడు రెగ్ ప్రెంటిస్ 1977లో కన్జర్వేటివ్ పార్టీలో చేరారు; అయినా 1974 పట్టికల్లో ఆయన లేబర్ సభ్యుడే.

నాలుగో మెట్టు: గత ఎన్నికతో పోలిక

లిబరల్ పార్టీకి ఎన్ని సీట్లు పెరిగాయి? 1970 సార్వత్రిక ఎన్నికతో పోల్చితే 6 నుంచి 14కు, అంటే 8 పెరిగాయి. కాని మధ్యలో రాచ్‌డేల్, సటన్ అండ్ చీమ్, ఐల్ ఆఫ్ ఈలీ, రిపన్, బెరిక్ ఉప ఎన్నికల్లో గెలిచి, సభ రద్దయ్యే నాటికి వారి బలం 11కు చేరింది. ఆ లెక్కన పెరిగినవి 3 మాత్రమే. సార్వత్రిక ఎన్నికను సార్వత్రిక ఎన్నికతో పోల్చడమే వాడుక. ఏ పద్ధతి ఎంచుకున్నా నిలువు వరుస శీర్షికలోనే ‘1970తో పోలిస్తే’ అని రాస్తే అనుమానానికి తావుండదు.

దీనికి తోడు, 1974 ఫిబ్రవరి ఎన్నిక నియోజకవర్గాల పునర్విభజన తరువాత జరిగింది. స్థానాలు 630 నుంచి 635కు పెరిగాయి. 2009లో మన రాష్ట్రంలో పునర్విభజన తరువాత జరిగిన ఎన్నికలను గుర్తున్నవారికి ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది: పేరు అదే అయినా ఊళ్లు మారిపోయిన నియోజకవర్గంలో ‘సీటు నిలుపుకున్నారు’ అనే మాటకు అర్థం పలచబడుతుంది. పాత ఓట్లను కొత్త హద్దుల ప్రకారం అంచనా వేసిన లెక్కలు దొరికితే వాడవచ్చు గాని, అవి అంచనాలని స్పష్టంగా చెప్పాలి. దొరకకపోతే ఆ గడిలో ‘కొత్త నియోజకవర్గం’ అని రాయడమే మేలు.

స్వింగ్, అంటే ఒక పార్టీ నుంచి మరో పార్టీ వైపు ఓట్ల మొగ్గు, లెక్కించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. రెండు ప్రధాన పార్టీల శాతాల్లో వచ్చిన మార్పుల సగటుగా దాన్ని లెక్కించే పద్ధతిని ఎన్నికల విశ్లేషకుడు డేవిడ్ బట్లర్ ప్రాచుర్యంలోకి తెచ్చారు. 1970లో 46.4గా ఉన్న కన్జర్వేటివ్‌ల శాతం 37.9కి, 43.1గా ఉన్న లేబర్ శాతం 37.2కి తగ్గాయి. అంటే ఒకరు 8.5, మరొకరు 5.9 శాతం పాయింట్లు కోల్పోయారు. తేడా 2.6; అందులో సగం, 1.3, లేబర్ వైపు స్వింగ్. ఈ లెక్కలో యూనియనిస్టుల ఓట్లు మొదటి అంకెలో ఉన్నాయి, రెండో అంకెలో లేవు. ఉత్తర ఐర్లాండ్‌ను వదిలి, ఇంగ్లాండ్, వేల్స్, స్కాట్లాండ్‌లకు మాత్రమే లెక్కిస్తే స్వింగ్ ఒకటి కంటే తక్కువే వస్తుంది. ఇంకొక సంగతి: లేబర్ వైపు స్వింగ్ అన్నంత మాత్రాన లేబర్‌కు ఓట్లు పెరిగాయని కాదు. ఇద్దరూ నష్టపోయారు, లాభపడినది 19.3 శాతం తెచ్చుకున్న లిబరల్స్, ఆ తరువాత జాతీయవాద పార్టీలు.

ఐదో మెట్టు: ఓట్లు లేని చోట, ఆలస్యమైన చోట

1974కు ఇది అంతగా వర్తించదు గాని, మరో ఎన్నికను ఎంచుకునేవారు తెలుసుకోవాలి. 1951లో ఉత్తర ఐర్లాండ్‌లోని నాలుగు స్థానాల్లో యూనియనిస్టులు ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అక్కడ ఓట్ల గడిలో సున్నా వేయకూడదు, ‘ఏకగ్రీవం’ అని రాయాలి. ఆ నియోజకవర్గాల ఓటర్లను పోలింగ్ శాతం లెక్క నుంచి మినహాయించాలి. ఆ ఎన్నికలో ఓట్లలో లేబర్, సీట్లలో కన్జర్వేటివ్‌లు ముందుండడం ప్రసిద్ధం. ఈ నాలుగు స్థానాల సంగతి చెప్పకుండా ఆ ఓట్ల తేడాను చెప్పడం సగం మాటే.

1945, అంతకుముందు ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలుండేవి. మన మొదటి రెండు లోక్‌సభ ఎన్నికల్లో లాగే ఓటరుకు రెండు ఓట్లు కాబట్టి, అక్కడ ఓట్ల సంఖ్యనే ఓటర్ల సంఖ్యగా తీసుకోకూడదు. నామినేషన్ తరువాత అభ్యర్థి మరణిస్తే పోలింగ్ వాయిదా పడవచ్చు: 2005లో సౌత్ స్టాఫర్డ్‌షైర్‌లో మే 5కు బదులు జూన్ 23న పోలింగ్ జరిగింది. మే నాటి వార్తల్లో 645 స్థానాలు, తరువాతి పట్టికల్లో 646 కనిపించడానికి అదే కారణం.

కోర్టు రద్దు చేసిన ఫలితాలను చెరిపివేయవద్దు. 1997లో వించెస్టర్‌లో లిబరల్ డెమొక్రాట్ మార్క్ ఓటెన్ రెండు ఓట్లతో గెలవగా ఆ ఎన్నిక రద్దయింది. నవంబరు ఉప ఎన్నికలో ఆయనే 21,556 ఓట్ల మెజారిటీతో గెలిచారు. సార్వత్రిక ఎన్నికల పట్టికలో మెజారిటీ 2 అనే ఉండాలి, తరువాతి కథ దాని కింది వివరణలో ఉండాలి.

ఆరో మెట్టు: పాఠకుడి ముందు పెట్టడం

మెజారిటీ అనే మాటను రెండు అర్థాల్లో వాడతాం. నియోజకవర్గంలో అది మొదటి ఇద్దరి మధ్య తేడా. సభలో అది ఒక పార్టీ సీట్లకూ మిగతా అందరి సీట్లకూ మధ్య తేడా. 1974 అక్టోబరులో లేబర్ గెలిచినవి 319, మిగతావి 316, సభలో మెజారిటీ 3. ఫిబ్రవరిలో మాత్రం సగానికి పైగా కావాలంటే 318 ఉండాలి. లేబర్‌కు 17 తక్కువయ్యాయి. పట్టికలో ఏ అర్థంలో వాడుతున్నారో శీర్షికలో తేల్చి చెప్పాలి. పోలింగ్ శాతం కూడా అంతే. బ్రిటిష్ సంకలనాల్లో సాధారణంగా చెల్లిన ఓట్లనే ఓటర్ల సంఖ్యతో భాగిస్తారు. 1974 ఫిబ్రవరికి అది దాదాపు 79.

ప్రాంతీయ పార్టీల శాతాన్ని రెండు విధాలా చూపాలి. స్కాటిష్ నేషనల్ పార్టీకి దేశం మొత్తం మీద వచ్చినవి 2 శాతమే; కాని అది పోటీ చేసిన స్కాట్లాండ్‌లో దాదాపు 22 శాతం. మొదటి అంకె ఒక్కటే ఇస్తే ఏడు సీట్లు ఎలా వచ్చాయో ఎవరికీ అర్థం కాదు. లిబరల్స్ 635లో 517 చోట్లే పోటీ చేశారన్న విషయం కూడా వారి 19.3 శాతం పక్కనే ఉండాలి.

పటం వేస్తే, స్కాట్లాండ్ ఎగువ ప్రాంతపు విశాలమైన నియోజకవర్గాలు పటమంతా ఆక్రమిస్తాయి, లండన్ నగరపు స్థానాలు చుక్కల్లా మిగిలిపోతాయి. ప్రతి నియోజకవర్గాన్నీ ఒకే పరిమాణం గల షడ్భుజిగా గీసిన పటాన్ని దాని పక్కన పెడితే సీట్ల నిష్పత్తి కంటికి కనిపిస్తుంది. రంగులు ఎరుపు లేబర్‌కు, నీలం కన్జర్వేటివ్‌లకు స్థిరపడ్డాయి. రంగులు గుర్తుపట్టలేని పాఠకుల కోసం పార్టీ పేరు కూడా రాయాలి. స్తంభాల చిత్రమైతే నిలువు కొలత సున్నా నుంచే మొదలుకావాలి. 37 నుంచి మొదలుపెడితే 37.9కీ 37.2కీ మధ్యనున్న సన్నని తేడా కొండంతగా కనిపిస్తుంది.

ప్రచురించే ముందు ఇద్దరు కూర్చొని సరిచూడడం నేను తప్పనిసరిగా భావించే పని. ఒకరు ఆధారం నుంచి అంకెలను ఒక్కొక్కటిగా పైకి చదవాలి, రెండోవారు పట్టికలో వేలు పెట్టి చూడాలి. ‘పదిహేడు వేల నూట అరవై అయిదు’ అని కాకుండా ‘ఒకటి, ఏడు, ఒకటి, ఆరు, అయిదు’ అని విడివిడిగా చదివితే, తారుమారైన అంకె అక్కడికక్కడే దొరుకుతుంది. తరువాత స్థానాలు మారి, రెండోవారు చదవాలి. కార్మార్దెన్ వంటి వరుసను మూడోసారి కూడా చదవాలి.